చెల్లి పెళ్లి బయట చెట్ల కింద, బోహో స్టైల్‌లో చేద్దామనుకుంటున్నాం, వైజాగ్ చుట్టుపక్కల చేసినవాళ్ళు చెప్పండి

సాగరతీరం_అక్క:

అందరికీ నమస్కారం అండీ. మా చెల్లి పెళ్లి కుదిరింది, మాఘమాసంలో ముహూర్తం చూస్తున్నారు. మేము ఎంవీపీ కాలనీలో ఉంటాం, అబ్బాయి వాళ్ళది శ్రీకాకుళం దగ్గర పల్లె, పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు కానీ పెళ్లి మాత్రం వైజాగ్‌లోనే అని ముందే చెప్పేశారు.

చెల్లికి కల్యాణమండపం అస్సలు ఇష్టం లేదు. స్టేజి మీద రెండు సింహాసనాలు, వీడియో లైట్లు, గిఫ్టు కవరు పట్టుకుని ఫోటో కోసం లైన్లో నించుని, ఫోటో అవ్వగానే భోజనాల దగ్గరికి పరిగెత్తి, అక్కడ కుర్చీ వెనకాల ఇంకొకళ్ళు నించుంటే గబగబా తినేసి వెళ్ళిపోవడం, ఇలా వద్దు అంటుంది. దాని ఫోన్ నిండా బోహో పెళ్లిళ్ల ఫోటోలే, అంటే చెట్ల మధ్యలో తాళ్ళతో అల్లిన తెరలు, ఎండుగడ్డి గుత్తులు, నేల మీద పాత తివాచీలు, దిండ్లు, లాంతర్లు, పెళ్లికూతురు జుట్టు వదులుగా వేసుకుని అడవిపూలు పెట్టుకుని ఉంటుంది. 150 మందికి మించి పిలవం. వచ్చినవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీరుబడిగా ఉండాలి, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవాలి, అదే దాని కోరిక. నాకూ అదే నచ్చింది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఇద్దరు ముగ్గురు ఈవెంట్ వాళ్ళతో మాట్లాడితే అందరూ ఒకే ఫోటోలు చూపించారు, ఒకే ప్లాస్టిక్ పూలు, ఒకే గుండ్రటి ఇనప చట్రం, దాని మీద నియాన్ అక్షరాలు. మా ఇంటి పెళ్లి అన్నది అందులో ఎక్కడా కనపడలేదు. మా మామ్మేమో పందిరి వెయ్యకుండా పెళ్లేటే అమ్మడూ అని దిగులు పెట్టుకుంది. నాన్నగారికి వాన భయం, గాలి భయం, పెద్దవాళ్ళకి బాత్రూముల భయం. చెల్లికి బీచ్ కావాలి, అమ్మకి తోట కావాలి. ఇంట్లో మామ్మ చీరలు పెట్టెడు ఉన్నాయి, తాతగారు పోయాక ఆయన ఇత్తడి సామాను అలాగే అటక మీద ఉంది, ఇవన్నీ పెళ్లిలో ఎలా కలపాలో తెలియట్లేదు, ఊరికే ఒక మూల పెట్టి చూపించినట్టు కాకుండా నిజంగా వాడాలి అని ఉంది. చేసినవాళ్ళు, చూసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

భీమిలి_రోడ్డు_వదిన:

ముందు శుభాకాంక్షలు అమ్మా. మా మరిది పెళ్లి భీమిలి వైపు కొబ్బరితోటలో చేశాం కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త పెద్దగానే రాస్తాను.

బీచ్ సంగతి ముందు తేల్చుకోండి. మన సముద్రం తూర్పున ఉంది, అంటే ఫోటోల్లో చూసే నీళ్ళ మీద సూర్యాస్తమయం ఇక్కడ రాదు, సూర్యుడు మన వెనకాల కొండల్లోకి దిగిపోతాడు. మన బీచ్‌కి అందం పొద్దున్నే. రెండోది గాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నం దాటాక ఇంకా జోరుగా ఉంటుంది, ఆ గాలికి తెరలూ ఆగవు, హోమగుండమూ సరిగ్గా వెలగదు, మైకులో మంత్రం బదులు గాలి హోరే వినిపిస్తుంది. తెల్లవారుజామున మాత్రం నెమ్మదిగా ఉంటుంది. మూడోది పర్మిషన్లు. ఇసక మీద పందిళ్ళు, స్టేజీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వెయ్యడానికి లేదు, తీరప్రాంత నిబంధనలు ఉన్నాయి. పైగా మాఘం అంటే మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం, ఒడ్డున రాత్రిపూట పెద్ద లైట్లు వేస్తే అవి బెదిరి వెనక్కి పోతాయి, పుట్టిన పిల్లలు నీళ్ళ వైపు కాకుండా లైట్ల వైపు పాకుతాయి. చెల్లికి ఈ మాట చెప్పండి, ప్రకృతి మధ్యలో పెళ్లి కావాలనుకునే పిల్ల తప్పకుండా అర్థం చేసుకుంటుంది.

అందుకని నా సలహా ఏంటంటే పెళ్లి తోటలో పెట్టుకుని, ముందు రోజో మర్నాడో పొద్దున్నే అందరూ కలిసి సముద్రం ఒడ్డుకి వెళ్ళండి. చెప్పులు వదిలేసి, ఫ్లాస్కుల్లో కాఫీ పట్టుకుని, రెండు కుటుంబాలూ కలిసి కూర్చోండి. మేమలా వెళ్ళాం, అబ్బాయి తరఫు ముసలాయన ఒకరు జన్మలో మొదటిసారి సముద్రంలో సూర్యోదయం చూశానన్నారు, పెళ్లి ఫోటోలన్నిట్లో మాకు బాగా ఇష్టమైనది ఆయనదే.

ఇప్పుడు తోట. మామిడితోట అనగానే అందరికీ ముచ్చటేస్తుంది కానీ మాఘంలో మామిడి పూత మీద ఉంటుంది. ఆ టైములో పూతకి తేనెమంచు పురుగు పడుతుంది, దాన్నుంచి జిగట కింద కూర్చున్నవాళ్ళ మీద సన్నగా రాలుతూనే ఉంటుంది, పట్టుచీర మీద పడితే ఒక పట్టాన వదలదు. పురుగు కోసం రైతు మందు కొడతాడు, ఆ వాసన వేరు. కొమ్మలకి సీరియల్ బల్బులు కడితే పూత రాలిపోతుంది, రైతుకి ఆ ఏడాది కాపు పోతుంది. అంచేత కొబ్బరితోటో సరుగుడుతోటో చూడండి, ఆనందపురం నుంచి భీమిలి, పద్మనాభం వైపు, ఇటు సబ్బవరం వైపు కూడా అడిగితే దొరుకుతాయి. కొబ్బరితోట అయితే మాత్రం చెట్లెక్కేవాళ్ళని పిలిచి కూర్చునే జాగా పైన ఉన్న కాయలూ ఎండుమట్టలూ అన్నీ ముందే దింపించెయ్యండి, ఇందులో మొహమాటం వద్దు. తోట యజమానితో కాగితం రాసుకోండి, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, కరెంటు ఎవరిది, నీళ్ళు ఎవరివి, బళ్ళు ఎక్కడ పెట్టాలి, అన్నీ అందులో ఉండాలి.

ముహూర్తం గురించి పంతులుగారితో ఇప్పుడే కూర్చోండి. బయట పెళ్లి అని చెప్పి పొద్దుటి పూట లగ్నం చూడమనండి, రాత్రి ముహూర్తం అయితే మంచుకి తివాచీలన్నీ తడిసిపోతాయి, పెద్దవాళ్ళకి జలుబు. పొద్దుటి ముహూర్తమైనా సరే పరుపులూ తివాచీలూ ముందు రాత్రి పరచకండి, సూర్యుడొచ్చాకే పరవాలి. మైకు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, మిగతా టైములో కూడా పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ తీసుకోవాలి.

పెదవాల్తేరు_పిన్ని:

అమ్మా, మీ మామ్మగారి మాట పక్కన పెట్టకండి. పందిరి కావాలంటే పందిరే వెయ్యండి. తాటాకు పందిరి, కింద వెదురు రాటలు, మామిడాకుల తోరణాలు, రెండు పక్కలా గెలతో ఉన్న అరటిచెట్లు, ఇంతకన్నా మీ చెల్లాయి అడిగే బోహో ఏముంటుంది చెప్పండి. పందిరిరాట మాత్రం మీ ఇంటి దగ్గర మంచిరోజు చూసి మామ్మగారి చేతే వేయించండి, గోతిలో నవధాన్యాలు వేసి, రాటకి పసుపు కుంకుమ ఆవిడే పెట్టాలి. కొందరు భర్త పోయిన ఆడవాళ్ళని ఇలాంటివాటికి దూరం పెడతారు. ఆ ఇంటి పెద్ద ఆవిడ, మనవరాలి పెళ్లికి ఆవిడ చెయ్యి కన్నా మంగళకరమైనది ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఇంట్లో ఎవరైనా అభ్యంతరం చెప్తే పంతులుగారిని ముందే ఒప్పించి ఉంచుకోండి.

మీరు ఊరికే మూల పెట్టి చూపించినట్టు ఉండకూడదు అన్నారు చూశారూ, ఆ మాట నాకు బాగా నచ్చింది. పాత వస్తువుకి పని ఇవ్వండి. తాతగారి ఇత్తడి సామాను కిందికి దింపి చింతపండుతో తోమించండి. గంగాళం ఉంటే తాగేనీళ్ళకి పెట్టండి, బిందెలు మంగళస్నానాల నీళ్ళకి, పెద్ద తాంబాళం ఉంటే తలంబ్రాలకి. ఆయన వాడిన చెంబుతోనే మీ నాన్నగారు అల్లుడి కాళ్ళు కడిగితే చాలు, ఫోటోకి దండేసి పెట్టక్కర్లేదు, అది ఎవరి చెంబో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

తలంబ్రాల బియ్యం అబ్బాయి వాళ్ళ పొలంలోవి సగం, మీవి సగం కలపండి. సంక్రాంతికి కొత్తబియ్యం ఇంటికొస్తాయి కదా, మాఘానికి సరిగ్గా సరిపోతాయి. వాటికి పసుపూ నెయ్యీ పట్టించే పని రెండు వైపుల ముత్తైదువులు కలిసి కూర్చుని చెయ్యాలి, ఆ కూర్చోవడంలోనే సగం పరిచయాలు అయిపోతాయి. పసుపు కొట్టడం కూడా అంతే, ఇప్పుడు హల్దీ అని పసుపు బట్టలు కొని డీజే పెడుతున్నారు గానీ, రోలూ రోకలీ పెట్టి పసుపుకొమ్ములు దంచుతూ అత్తలూ పిన్నులూ పాటలు పాడితే అది వినడానికి కుర్రాళ్ళు కూడా ఆగుతారు. మీ ఇంట్లో నలుగు పాటలు వచ్చినవాళ్ళు ఎవరున్నారో ఇప్పుడే కనుక్కోండి, సాహిత్యం రాసి పెట్టుకోండి, వాళ్ళ తర్వాత ఎవరికీ రాదు.

మధుపర్కాలకి పొందూరు ఖద్దరు తీసుకోండి. అబ్బాయిది శ్రీకాకుళం కాబట్టి వాళ్ళ ఊరి బట్ట, వాళ్ళకి ఎంత సంతోషమో చూడండి. అక్కడ ఇప్పటికీ కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి, చేత్తో వడికి నేస్తారు, సన్ననూలు ఖద్దరు ఒంటికి తగిలితే తెలియనంత మెత్తగా ఉంటుంది. ముందే ఆర్డరు ఇవ్వాలి, చివర్లో అడిగితే దొరకదు.

ఐరేని కుండలు, అదే పెళ్లిలో పూజకి పెట్టే బొమ్మల కుండలు, మర్చిపోకండి. కుమ్మరి ఇంటికి మేళంతో వెళ్ళి తెచ్చుకునే ఆచారం మీకుందేమో మామ్మగారిని అడగండి. కుండల మీద సున్నం, జాజు, పసుపుతో బొమ్మలు ఇంట్లో పిల్లలతో వేయించండి. వంకరగా వేసినా పరవాలేదు, అవి ఎవరు వేశారో తర్వాత మీ చెల్లాయి ఇంట్లో ఏళ్ళ తరబడి గుర్తుంటుంది.

ఇక ఆ పెట్టెడు చీరలు. వాటితో అడ్డుతెర కుట్టించండి. మన ఆడవాళ్ళు పాతచీరలతో బొంతలు కుట్టేవారు కదా, అలాగే ముక్కలు కలిపి. మీ మామ్మగారివి, అమ్మగారివి, అబ్బాయి తరఫున వాళ్ళమ్మగారిది, వాళ్ళ మామ్మగారిది ఒక్కో చీర అడిగి తెచ్చుకోండి, జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఇద్దరి మధ్యా ఉండే తెర రెండిళ్ళ ఆడవాళ్ళ చీరలతో ఉంటుంది.

పూలపందిరి_బాబు:

అక్కా నేను ఈ పనిలోనే ఉన్నాను, డెకరేషన్ చేస్తాను. వదినగారు పిన్నిగారు చెప్పినవన్నీ కరెక్ట్, నేను పని వైపు నుంచి కొన్ని చెప్తాను.

చెల్లి చూపించే ఆ ఎండుగడ్డి గుత్తులు పాంపాస్ అంటారు, బయట నుంచి తెప్పించి చాలా రేటు చెప్తారు. మన దగ్గర దసరా ముందు నుంచి చెరువు గట్ల మీద, ఏటి ఒడ్డున రెల్లు పూస్తుంది, తెల్లగా అచ్చం అలాగే ఉంటుంది. పూర్తిగా విచ్చుకోక ముందే కోసి, తలకిందులుగా నీడలో ఆరబెట్టి, హెయిర్ స్ప్రే కొడితే మాఘం దాకా రాలకుండా ఉంటుంది. కానీ ఒక్కటి గట్టిగా చెప్తున్నా, హోమగుండం చుట్టుపక్కల మాత్రం ఇది పెట్టొద్దు. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. ఎంట్రన్సులో, భోజనాల దగ్గర పెట్టుకోండి. మండపం మీద నెట్టు క్లాత్, పాలిస్టర్ తెరలు కూడా వద్దు, నూలు గుడ్డ కట్టండి, తాటాకు పందిరి కాబట్టి హోమం సరిగ్గా నడిమధ్యలో, పైకప్పు బాగా ఎత్తుగా ఉండేలా వేయించండి, పక్కన రెండు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, నాలుగు బకెట్ల నీళ్ళు, వాటిని చూసుకోడానికి ఒక మనిషి ఉండాల్సిందే.

పూలకి ఆనందపురం మార్కెట్‌కి తెల్లారకుండా వెళ్ళాలి, మీ తోట అటువైపే అయితే ఇంకా మంచిది, పూర్ణా మార్కెట్ దాకా రానక్కర్లేదు. మాఘంలో బంతి, చామంతి, లిల్లీ బాగా ఉంటాయి. మల్లెలు మాత్రం అప్పటికి రావు, వేసవి పువ్వు అది, చెల్లి జడలో మల్లెలే అనుకుంటే ముందే మనసు మార్చుకోమనండి. కనకాంబరం, మరువం, దవనం కలిపి కట్టిస్తే చాలా బావుంటుంది, వదులు జడ మీద కూడా నప్పుతుంది. చామంతుల్ని బంతుల్లా కట్టకుండా చాటల్లో, జల్లెళ్ళలో, వెదురుబుట్టల్లో పోసి పెట్టండి. తాళ్ళతో అల్లిన తెరలు కావాలన్నారు కదా, ఉట్లు అల్లేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఉట్టి కట్టి అందులో చిన్నకుండ, కుండలో పూలు, సాయంత్రం అయితే దీపం. కుండలు, చాటలు, బుట్టలు అద్దెకి కాదు కొనుక్కోవచ్చు, తర్వాత ఇంట్లో పనికొస్తాయి.

అసలు డబ్బు పెట్టాల్సింది డెకరేషన్ మీద కాదు అక్కా, నా నోటితో నేనే చెప్తున్నాను. బాత్రూములు, కరెంటు, నేల. 150 మందికి కనీసం ఆరు మొబైల్ టాయిలెట్లు పెట్టించండి, అందులో రెండు పెద్దవాళ్ళకి కమోడ్ ఉన్నవి, పట్టుకోడానికి రాడ్ ఉన్నవి, శుభ్రం చెయ్యడానికి రోజంతా మనిషి, నీళ్ళ ట్యాంకరు. పట్టుచీరతో వెళ్ళాలి కాబట్టి లోపల కొక్కేలు, లైటు ఉన్నాయో లేదో ముందు రోజు మీరే వెళ్ళి చూడండి. సైలెంట్ జనరేటర్ గాలి వాలుకి దూరంగా పెట్టించండి, పొగ పందిట్లోకి రాకుండా. వైర్లు నడిచే దారిలో పైన పరిచేస్తారు, అలా వద్దు, నేలలో పూడ్పించండి. గడ్డి వారం ముందే కోయించి చెత్త తీయించండి, పాములు తేళ్ళు తోటల్లో మామూలే. దారికి ప్లైవుడ్ షీట్లు వేసి పైన చాపలు పరిస్తే వీల్‌చైర్ కూడా వెళ్తుంది. సాయంత్రానికి దోమలు వస్తాయి, వేపాకు సాంబ్రాణి పొగ నాలుగు మూలలా పెట్టించండి, మాఘంలో ఆరు దాటితే చీకటే.

డ్రోన్ పెడతామని కెమెరావాళ్ళు అంటారు. మనది నేవీ ఊరు, చాలా ఏరియా రెడ్ జోన్, అంటే పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరెయ్యకూడని జాగా. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు మ్యాప్‌లో మీ తోట ఏ జోన్‌లో ఉందో చూసుకోకుండా ఒప్పుకోకండి. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఎర్రమట్టి దిబ్బలు అంటే కూడా వద్దనండి, అది కాపాడుకోవాల్సిన జాగా, వేల ఏళ్ళ నాటి ఇసకదిబ్బలు, తొక్కితే కరిగిపోతాయి.

సిక్కోలు_కుర్రోడు:

మాదీ శ్రీకాకుళం జిల్లాయే అక్కా, అబ్బాయి తరఫు నుంచి ఆలోచించి చెప్తున్నాను. పల్లె నుంచి వచ్చే పెద్దోళ్ళకి ఈ బోహో అంటే ఏటో తెలీదు, నేల మీద దిండ్లు చూసి మనకి కుర్చీలు కూడా వెయ్యలేదు అనుకునే ప్రమాదం ఉంది. మోకాళ్ళ నొప్పులోళ్ళు కిందికి కూర్చుంటే లేవలేరు. కాబట్టి కుర్చీలు సగానికి సగం ఉండాలి, అదీ ముందు వరసలో, నులకమంచాలు నీడలో వేస్తే మధ్యాహ్నం నడుం వాల్చుకుంటారు, మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి అదే పెద్ద సుఖం. విడిదిలో లోటు చెయ్యకండి. ఎదురుకోలుకి మీ నాన్నగారు స్వయంగా రావాలి, పానకం ఇవ్వాలి, అది సరిగ్గా జరిగితే మిగతా కొత్త పద్ధతులన్నీ వాళ్ళు ఇష్టంగా ఒప్పుకుంటారు.

సన్నాయి మేళం ఉంటుంది కదా, దాంతోపాటు తప్పెటగుళ్ళు పెట్టండి. గుండెలకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతుంటే డీజే ఎవడికీ గుర్తురాదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో బృందాలు ఉన్నాయి, వాళ్ళకి మంచి జాగా, భోజనం, గౌరవంగా డబ్బులు, ఇవి చూసుకోండి. ఎగరడానికి నేల చదునుగా ఉండాలి, రాళ్ళు ఏరించండి.

భోజనం గురించి ఎవరూ మాట్లాడలేదు. బఫే వద్దు. అడ్డాకుల విస్తళ్ళు తెప్పించండి, మన ఏజెన్సీ వైపు ఆడవాళ్ళు కుడతారు, బంతిభోజనం పెట్టండి, ఒక్కో బంతికి 50 మంది అయితే మూడు బంతులు, తొందర ఉండదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి ఎలాగూ నిషేధమే. లేత పనస అప్పుడప్పుడే దిగుతుంది, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పూర్ణం బూరె మీద నెయ్యి, స్వీటు ఒకటి మాడుగుల హల్వా. నాలుగు గంటలకి తేగలు, ఉడకబెట్టిన చిలగడదుంపలు, పిడతకింద పప్పు బండి ఒకటి, అరకు కాఫీ. మీ ఇంటి వంట ఒకటి, అబ్బాయి వాళ్ళ ఇంటి వంట ఒకటి వంటోళ్ళకి చేత్తో రాసి ఇచ్చి, ఆ ఇద్దరు పెద్దోళ్ళనీ వంటపందిరి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి, రుచి చూసి ఊఁ అనడానికి.

ఒక్క మాట, వాన. మాఘంలో మామూలుగా ఉండదు. మనకి తుఫాన్ల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, వైజాగ్‌లో ఎవరూ మర్చిపోరు. అందుకని కార్తీకంలో బయట పెళ్లి పెట్టుకోకపోవడం మంచిపని. అయినా మీ నాన్నగారి మనశ్శాంతికి తోట దగ్గర ఒక స్కూలో, కమ్యూనిటీ హాలో మాట్లాడి ఉంచండి, పిలుపుల్లోనే దాని అడ్రసు కూడా ఇచ్చేయండి.

సాగరతీరం_అక్క:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. ఇది మొత్తం చెల్లికి, అమ్మకి చదివి వినిపించాను. తాబేళ్ళ సంగతి వినగానే చెల్లి బీచ్ మాట తనే వదిలేసింది, మర్నాడు పొద్దున్న అందరం కలిసి ఒడ్డుకి వెళ్దాం అంది. కొబ్బరితోటే చూస్తున్నాం. పందిరిరాట మామ్మ చేత అనేసరికి ఆవిడ ఏమీ మాట్లాడలేదు కానీ కాసేపటికి అటక మీంచి ఇత్తడి గంగాళం దింపించమని తమ్ముడికి చెప్పింది. అబ్బాయి వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి చీర సంగతి అడిగాను, తన పెళ్ళిలో కట్టుకున్న చీర ఇస్తానన్నారు, మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. తిరుగు కానుకలకి ఏటికొప్పాక లక్క భరిణెలు అనుకుంటున్నాం, అంకుడు కర్ర, సహజ రంగులు, చెల్లి అనుకున్నదానికి బాగా కలుస్తాయి కదా.

పిన్నిగారూ, అడ్డుతెర గురించి ఇంకొంచెం చెప్పరా. మామ్మ పట్టుచీరలు చాలా పాతవి, జరీ మడతల దగ్గర చీకిపోయింది, ముట్టుకుంటే చిరుగుతున్నాయి. ఇంకో అనుమానం, బయట గాలికి తెర ఎగిరిపోయి ఇద్దరూ ముందే ఒకళ్ళనొకళ్ళు చూసేసుకుంటే పంతులుగారు ఏమంటారో.

పెదవాల్తేరు_పిన్ని:

చీకిన చీర ఎక్కడ గట్టిగా ఉందో వెలుతురుకి ఎత్తి చూడమ్మా, సాధారణంగా కుచ్చిళ్ళ లోపలి భాగం, ఒంటి చుట్టూ తిరిగే భాగం బావుంటాయి, మడతల మీదే పోతుంది. ఆ గట్టి భాగాలే కత్తిరించండి. కత్తిరించే ముందు మామ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ చీర ఎప్పటిదో అడిగి, ముక్క వెనకాల చిన్నకాగితం పిన్ను పెట్టండి, తర్వాత కలిసిపోతే ఎవరికీ గుర్తుండదు. ముక్కలకి వెనకాల పల్చటి మల్లుగుడ్డ వేసి కుట్టిస్తే జరీ లాగదు. మల్లుగుడ్డని ముందే ఒకసారి తడిపి ఆరబెట్టండి, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది. బొంతలా నాలుగైదు పొరలు వద్దు, అది చేత్తో పట్టుకునేది, మేనమామలు ఇద్దరూ సుముహూర్తం దాకా ఎత్తి పట్టుకోవాలి, బరువైతే చేతులు దిగిపోతాయి. ఒక్క పొర, వెనక మల్లుగుడ్డ, అంతే.

ఎత్తు నాలుగున్నర అడుగులు, వెడల్పు ఐదడుగులు ఉంటే కూర్చున్న ఇద్దరికీ సరిపోతుంది. పైనా కిందా మడిచి కుట్టించి, పైన వెదురుకర్ర, కింద సన్నకర్ర దూర్చండి, గాలికి ఎగరదు, దించేటప్పుడు ఇద్దరూ కర్ర పట్టుకుని ఒకేసారి దించొచ్చు. నడుమ పసుపు గుడ్డ ముక్క మీద స్వస్తిక్ కుట్టించండి, పంతులుగారికి అభ్యంతరం ఉండదు. అబ్బాయి వాళ్ళమ్మగారి పెళ్లిచీర ముక్క అబ్బాయి వైపు కాకుండా మీ చెల్లాయి కూర్చునే వైపు కనపడేలా పెట్టండి, మామ్మగారిది అబ్బాయి వైపు. అలా రెండు వైపులా వేరువేరుగా కనపడాలంటే మాత్రం మల్లుగుడ్డ బదులు రెండు పల్చటి పొరలు వీపుకి వీపు కుట్టించాలి, టైలరుకి ముందే చెప్పండి. దసరా అవ్వగానే ఇచ్చెయ్యండి, సంక్రాంతి దగ్గరపడితే టైలర్లు ఎవరి చేతికీ దొరకరు.